మల్లికి పెట్టిన చుక్క

లక్ష్మీబాయికి కోళ్లంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం అని మాత్రం అనుకోకండి. ఆర్మూరు పక్క పల్లెలో పుట్టిన మనిషి. కోడిని చూస్తే ఆమెకు కూర గుర్తొచ్చేది గాని కెమెరా గుర్తొచ్చేది కాదు. అలాంటిది యాభై రెండేళ్ల వయసులో, భూగోళం అడుగుకొసన ఉన్న డునెడిన్ ఊళ్లో, తడిగడ్డి మీద పాత రెయిన్‌కోటు పరుచుకుని బోర్లా పడుకుని, ఒక తెల్లకోడి ఇటు తల తిప్పడం కోసం ముప్పావుగంట కాచుకుంటుందని ఎవరైనా అప్పట్లో చెప్పి ఉంటే, చెప్పినవాళ్లకు జ్వరం తగిలిందేమోనని నుదురు పట్టి చూసేది.

కెమెరా కూడా ఆమెది కాదు. కూతురు మనస్విని ముచ్చటపడి కొనిపించుకుని, ఏడాది తిరక్కుండానే మోజు తీరి, 2013లో అదే దేశంలో ఉత్తరాన ఉన్న ఆల్బనీకి యూనివర్సిటీ చదువుకు వెళ్తూ అలమరలో పడేసి పోయింది. లక్ష్మీబాయి హాస్పిటల్ లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని చేసేది. భర్త విద్యాసాగర్ సిటీ బస్సు నడిపేవాడు. పిల్ల లేని ఇంట్లో ఆదివారాలు ఎంతకీ గడిచేవి కావు. దుమ్ము దులుపుదామని బయటికి తీసిన కెమెరాను ఆమె మళ్లీ అలమరలో పెట్టలేదు.

మొదట గొర్రెలు. ఊరు దాటితే చాలు, కావలసినన్ని. "ఆపు, ఆపు" అని కారు ఆపించి కంచె దగ్గరికి పరిగెత్తేది. తర్వాత ఆవులు, మేకలు, ఎవరి పెరట్లోనో బాతులు. తీసినవన్నీ చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టేది. "అక్కా, గంత దూరం పోయి గొర్ల ఫొటోలా? ఆడ మంచుకొండలు లేవా?" అని పినతల్లి కూతురు నాగమణి దెప్పింది. మంచుకొండలు ఉన్నాయి. కానీ కొండ ఎన్నిసార్లు వెళ్లినా మనిషిని పట్టించుకోదు. ఆవు అలా కాదు, మొదటిరోజు అనుమానంగా చూస్తుంది, మూడోవారానికి దగ్గరికొచ్చి లెన్సు నాకుతుంది. ఈ ఊళ్లో తనను మొదట గుర్తుపట్టింది ఆవులేనని లక్ష్మీబాయి నవ్వుతూ చెప్పేది. అందులో నవ్వు సగమే.

ఆమెను కోళ్ల దాకా తీసుకొచ్చింది పక్కింటి గ్రాహమ్. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి. భార్య పోయి ఆరేళ్లు. పెరట్లో ఇరవై తెల్ల లెగ్‌హార్న్ కోళ్లు. మనం ఫారం కోడి అని తీసిపారేసే జాతే. ఆయన మాత్రం నలభై ఏళ్లుగా వాటిని ప్రదర్శనలకు పెంచుతున్నాడు. ఏ కోడి ఏ పుంజు సంతానమో తాత ముత్తాతల దాకా వల్లిస్తాడు. అంత పెద్దాయన్ను పేరు పెట్టి పిలవడానికి లక్ష్మీబాయికి నోరు రాలేదు. "మిస్టర్ గ్రాహమ్" అంటే ఆయన ముఖం చిట్లించాడు. చివరికి "అంకుల్" దగ్గర ఇద్దరూ రాజీపడ్డారు.

ఒకరోజు ఆయన కంచె మీదుగా ఒక కోడిని ఎత్తి చూపించి, "దీని నెత్తి మీది తురాయికి మొనలెన్ని ఉన్నాయి?" అని అడిగాడు. ఐదు అని ఆమె చెప్పింది. చెప్పాక గాని వెలగలేదు, పెద్దాయన కనబడక అడిగాడని. ఆయన చూపులో నడిమి భాగం చెరిగిపోతోంది. ఎదుటి మనిషి చెవులు కనిపిస్తాయట, ముఖం కనిపించదట. ఇరవై తెల్లకోళ్లూ కలిసి ఆయనకు ఒకే తెల్లటి మసక.

ఆ సాయంత్రం లక్ష్మీబాయి ఆ కోడిని దగ్గర్నుంచి ఫొటోలు తీసి, కెమెరాను గ్రాహమ్ ఇంటి టీవీకి తగిలించింది. ఆయన టీవీకి అడుగు దూరంలో కుర్చీ వేసుకుని, తల పక్కకు తిప్పి, కంటి చివరతో చూశాడు. చాటంత తురాయి, పళ్లెమంత కన్ను. "ఇక్కడున్నావా నువ్వు!" అన్నాడు కోడితో. ఆ తర్వాత చాలాసేపు ముక్కు చీదుకున్నాడు. జలుబు అని చెప్పాడు. ఆమె సరే అంది.

అక్కణ్నుంచి అది ఉత్త సరదాగా మిగల్లేదు. ఆదివారం పొద్దున కోళ్ల ఫొటోలు, సాయంత్రం టీవీ ముందు ఆయన పరీక్ష. తెల్లకోడిని తీయడం అనుకున్నంత తేలిక కాదు. ఎండ పడితే ఈకలన్నీ కలిసిపోయి సున్నం ముద్దలా వస్తుంది. మబ్బు పట్టినప్పుడే ఈక ఈకా విడిగా కనిపిస్తుంది. డునెడిన్‌లో మబ్బుకేం కరువు! తెలుపులో ఎన్ని రకాలున్నాయో, రోజూ వందల దుప్పట్లు చూసే మనిషికి ఒకరు నేర్పాలా?

ఆ మందలో ఒక పెట్ట పిల్లగా ఉన్నప్పటి నుంచే కెమెరా కనబడితే పరిగెత్తుకొచ్చేది. ప్రదర్శన కోళ్లకు గ్రాహమ్ పేర్లు పెట్టడు, కాలికి నంబరు ఉంగరం తొడుగుతాడు, అంతే. లక్ష్మీబాయి మాత్రం దానికి మల్లి అని పేరు పెట్టింది. నెలలు గడిచేకొద్దీ టీవీలో మల్లిని చూస్తూ ఆయన మాట్లాడడం తగ్గించాడు. నలభై ఏళ్లలో తన దగ్గర ఇంత చక్కని పెట్ట పుట్టలేదని ఒకరోజు మెల్లిగా బయటపెట్టాడు. "వచ్చే చలికాలం ప్రదర్శనలో దీన్ని చూపిస్తాను. అదే ఆఖరు. ఆ మీద నాకు చూపు ఉండదు."

2016 జూన్. అక్కడ జూన్ అంటే ఎముకలు కొరికే చలి. ప్రదర్శనకు ముందురోజు మల్లికి తలంటు. పొరపాటున కంట్లో సబ్బు పడుతుందేమోనని గ్రాహమ్ ఆ పని లక్ష్మీబాయికే అప్పగించాడు. మూడు టబ్బులు. మొదటిదాంట్లో చంటిపిల్లల షాంపూ, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. మూడోదాంట్లో ఆయన చిన్న సీసాలోంచి రెండు చుక్కలు వేయగానే నీళ్లు నీలంగా మారాయి. లక్ష్మీబాయి పకపకా నవ్వింది. నీలిమందు! వాళ్ల నాయన పంచెలకు అమ్మ పెట్టిన నీలిమందు. మల్లి ఆ గోరువెచ్చని నీళ్లలో కళ్లు మూసుకుని హాయిగా కూర్చుంది. హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టేసరికి గది వెలిగిపోయింది.

తర్వాత ఫొటోలు. జడ్జీలు ఎలా చూస్తారో అలాగే. రెక్క విప్పి, పాదం తిప్పి, మెడ మీది ఈకలు చర్మం దాకా పాయలు తీసి. గ్రాహమ్ టీవీ ముందు గంటసేపు కూర్చుని ఒక్కొక్కటీ వెతికాడు. "ఎక్కడా మచ్చ లేదు" అని వెనక్కి వాలాడు.

మల్లిని బుట్టలో పెట్టబోతూ లక్ష్మీబాయి ఒక్క క్షణం ఆగింది. రేపు అంతమంది కళ్లలో పడబోయే పిల్ల. హ్యాండ్‌బ్యాగులోంచి కాటుక డబ్బీ తీసి, ఉంగరం వేలితో మెడ వెనక ఈకలు తప్పించి, లోపల ఆవగింజంత చుక్క పెట్టి, ఈకలు మళ్లీ సర్దేసింది. మనస్వినికి స్కూల్ ఫొటోల రోజున చెవి వెనక పెట్టినట్టే. అదొక విషయమని కూడా ఆమె అనుకోలేదు. రాత్రి తలుపు గడియ వేశామని ఎవరైనా ఎవరికైనా చెబుతారా? గ్రాహమ్‌కూ చెప్పలేదు.

పక్కనే ఉన్న మోస్‌గీల్ ఊళ్లో పెద్ద హాలు, వరసగా పంజరాలు, కూతలతో చెవులు చిల్లులు పడుతున్నాయి. విద్యాసాగరే ఇద్దరినీ కారులో తీసుకొచ్చాడు. జడ్జీలు తిరుగుతున్నంతసేపూ అందరూ బయట నిలబడాలి. లోపలికి రానిచ్చాక చూస్తే మల్లి పంజరానికి ఒక కార్డు తగిలించి ఉంది.

"ఏం రాశారు?" అన్నాడు గ్రాహమ్. ఆయనకు అక్షరాలు కనిపించవు. లక్ష్మీబాయే చదివింది. "అనర్హత. మెడ ఈకలకు రంగు పులిమారు."

"మళ్లీ చదువు."

మళ్లీ చదివింది. పక్క పంజరాల వాళ్లు, నలభై ఏళ్లుగా ఎరిగినవాళ్లు, చూడనట్టు చూస్తున్నారు. ప్రదర్శనకారుల్లో రంగు పులమడమంటే దొంగతనం కింద లెక్క. "నేను పులమలేదు" అన్నాడు గ్రాహమ్. ఎవరు ఎక్కడున్నారో కనబడక ఆ మాట గోడ వైపు తిరిగి అన్నాడు.

అది చూసి లక్ష్మీబాయికి నిన్న పెట్టిన కాటుక చుక్క గుర్తొచ్చింది. విద్యాసాగర్‌ను పక్కకు లాగి సంగతి చెప్పింది. ఆయన తల పట్టుకున్నాడు. "నీకేం పోయేకాలం లక్ష్మీ? సరే, అయింది. ఇగ ఊకో. ఇంతమంది ముంగట కాటుక, దిష్టి అంటే నవ్వుతరు. నువ్వు పెట్టినవని ఎవలకు ఎర్క?"

"నాకు ఎర్క" అంది లక్ష్మీబాయి.

తెల్లకోటు వేసుకున్న జడ్జి, ఆమె వయసుదే, హాలు చివర టీ తాగుతోంది. లక్ష్మీబాయి ఇంగ్లీషు లాండ్రీలో సరిపోయే ఇంగ్లీషు. అందుకని మాటలు తగ్గించి డబ్బీ తెరిచింది. తన చెంప మీదే ఒక చుక్క పెట్టుకుని చూపించింది. "మా పిల్లలకు పెడతాం. చెడుచూపు తగలకుండా. ఆయనకు తెలియదు. ఆయనకు కనిపించదు కూడా." తర్వాత కెమెరా ఇచ్చింది. నిన్న సాయంత్రం నాలుగు గంటల పన్నెండు నిమిషాలకు తీసిన ఫొటో. పాయలు తీసిన మెడ, చర్మం దాకా తెలుపే. జడ్జి ఆ ఫొటోను పెద్దది చేసి, చిన్నది చేసి, మల్లి దగ్గరికి వెళ్లి తడి రుమాలుతో మెడ తుడిచింది. రుమాలుకు నల్లగా అంటింది. కింద ఈక తెల్లగా ఉంది.

నియమం నియమమే, బహుమతి రాలేదు. కానీ ఆ కార్డు తీసేశారు. గ్రాహమ్ తప్పు ఏమీ లేదని, పొరపాటున మరక అంటిందని మైకులో రెండుసార్లు చెప్పారు. ఇద్దరు ముసలివాళ్లు వచ్చి ఆయన భుజం తట్టారు. జడ్జి పోతూపోతూ, ఆ చుక్క లేకపోతే మొదటి స్థానం ఈ పెట్టకే ఇచ్చి ఉండేదాన్నంది. ఆవిడ మంచికే అంది గాని, ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది.

తిరుగుదారిలో గ్రాహమ్ బుట్ట ఒళ్లో పెట్టుకుని ముందుసీటులో కూర్చున్నాడు. "నన్ను అడగాల్సింది" అన్నాడు ఒక్కసారి. ఇంటి ముందు బుట్ట ఎత్తుకుని దిగిపోయాడు.

వరుసగా మూడు ఆదివారాలు కంచె అవతల నుంచి పిలుపు రాలేదు. లక్ష్మీబాయి కెమెరా ముట్టలేదు. తను ఫొటోలు తీయకపోతే ఆయనకు ఆ కోళ్లు కనబడవని ఆమెకు తెలుసు. తిట్టినా బాగుండేది, పిలిచి తిట్టినా బాగుండేది. కిటికీలోంచి చూస్తే ఆయన పెరట్లో ఒక్కొక్క కోడినీ పట్టుకుని వేళ్లతో తడుముతున్నాడు. ఆమె అక్కడే నిలబడి ఏడ్చింది.

నాలుగో ఆదివారం వంటింటి తలుపు చప్పుడైంది. గ్రాహమ్. చంకలో మల్లి. కంచె పట్టుకుని తడుముకుంటూ వచ్చాడేమో, బూట్లనిండా బురద.

"ఒక సంగతి అర్థం కావడం లేదు" అన్నాడు, పలకరింపు లేకుండానే. "జడ్జితో చెడుచూపు అన్నావట. ఆ హాల్లో నాకు గిట్టనివాళ్లు ఎవరూ లేరే. ఎవరి చూపు గురించి భయపడ్డావు?"

లక్ష్మీబాయి స్టవ్ ఆపింది. జడ్జికి చెప్పిన జవాబు ఇక్కడ చెల్లదని ఆమెకు తెలుసు.

"నాది, అంకుల్" అంది. "మా దగ్గర తల్లి దిష్టే అన్నిటికంటే గట్టిగా తగులుతుందంటారు. బిడ్డను అందరికంటే ఎక్కువ చూసేది తల్లే కదా. మల్లిని నేను చూసినంత ఎవరూ చూడలేదు. చూసీ చూసీ, దానికేమన్నా అవుతుందేమోనని భయమేసింది."

మల్లి మెడ సాచి వంటింటిని పరిశీలిస్తోంది. "నా చూపుతో ఆ ప్రమాదం లేదులే" అని ఆయన నవ్వబోయాడు. ఆ నవ్వు సరిగ్గా రాలేదు. ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది.

టీ తాగాక గ్రాహమ్ ఎప్పుడూ అడగనిది అడిగాడు. "నన్నొకటి తీస్తావా? దీనితో కలిపి." అప్పటిదాకా ఎన్నిసార్లు అడిగినా, నా ముఖం ఎవడికి కావాలి అని తప్పించుకున్న మనిషి. కిటికీ దగ్గర మబ్బు వెలుతురు బాగుంది. ఆయన మల్లిని గడ్డం దాకా ఎత్తుకున్నాడు. లక్ష్మీబాయి మోకాళ్ల మీద కూర్చుని మూడు ఫొటోలు తీసి తమ ఇంటి టీవీలో పెట్టింది.

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని, తల పక్కకు తిప్పి, చూడసాగాడు. అద్దంలో తన ముఖం తనకు కనబడి రెండేళ్లయిందని అప్పుడు చెప్పాడు. పెరిగిన కనుబొమలు, చెంప మీది ముడతలు, గడ్డం కింద మల్లి ఎర్ర తురాయి. "మా నాన్నలా తయారయ్యాను" అన్నాడు. ఇంకా దగ్గరికి వంగాడు.

లక్ష్మీబాయి ఆయన్ని చూస్తూ నిలబడింది. ఎంతసేపు చూసిందో ఆమెకే తెలియదు. తెలిసొచ్చి, గబగబా వెళ్లి హ్యాండ్‌బ్యాగులోంచి డబ్బీ తెచ్చి మూత తీసింది. ఈసారి అడిగింది.

"పెట్టనా అంకుల్?"

గ్రాహమ్ టీవీ మీది నుంచి చూపు తిప్పకుండానే చొక్కా కాలరు కిందికి లాగి, మెడ వంచాడు.