బహ్రెయిన్ మీదుగా హోంవర్క్

మీరు పరశురాంని కలిసి తీరాలి. నిజంగా! ఏ సాయంత్రమైనా నాలుగింటికి బహ్రెయిన్‌లోని తుబ్లీలో మా బిల్డింగు సైటుకి రండి. అందరూ లేబర్ క్యాంపు బస్సు కోసం గేటు దగ్గర నిలబడితే, ఒక్క మనిషి మాత్రం టైల్స్ పెట్టెల మీద కూర్చుని ఫోన్‌లో ఏడో తరగతి సైన్సు చదువుతూ కనిపిస్తాడు. కాదు, కనిపించేవాడు. మొన్నటిదాకా.

పరశురాం తాపీ మేస్త్రి. జగిత్యాల దగ్గర పల్లె. తను చదివింది నాలుగో తరగతి. ఏడాదిన్నర కిందట, సెలవు మీద ఊళ్లో ఉన్నప్పుడు, కూతురు ప్రణీతను హైస్కూల్లో చేర్పించాడు. భార్య జమునకు ఉన్నది బటన్ల ఫోను. అందుకని ఫారం మీద తన బహ్రెయిన్ నంబరే రాశాడు. సాయికుమారి టీచర్ ఆ నంబరునే క్లాసు వాట్సాప్ గ్రూపులో కలిపింది. అంతే! ప్రణీత హోంవర్క్ జగిత్యాల నుంచి బహ్రెయిన్ వచ్చి, పరశురాం నోటి మీదుగా మళ్లీ జగిత్యాల వెళ్లడం మొదలైంది.

అంతకుముందు ఆ తండ్రీకూతుళ్ల మాటలు ఎలా ఉండేవో తనే చెప్పాడు. "తిన్నవా బిడ్డా?" "తిన్న." "మంచిగున్నవా?" "ఉన్న. ఇగో, అమ్మకిస్తున్న." ఖలాస్.

హోంవర్క్ వచ్చాక అదే ఫోను నలభై నిమిషాలు. ఒకరోజు నేను పక్కనే ఉండగా, టీచర్ బోర్డు మీద గీసిన పువ్వు బొమ్మ ఫొటో వచ్చింది. దాన్ని నోటితో చెప్పాలి కదా!

"నడుమ ఒక సలాక నిలవెట్టు బిడ్డా. దాని కింద ఉబ్బెత్తుగ, చెంబు లెక్క."

"సలాక ఎంత లావు నాయినా?"

"ఎనిమిది ఎం.ఎం. అనుకో."

అటువైపు ఒకటే నవ్వు. "పువ్వుల ఇనుముంటదా నాయినా! టీచర్ నన్ను మేస్త్రి బిడ్డ అంటది, ఎరికేనా?"

"అననియ్. మేస్త్రి బిడ్డవే గద."

పోయిన నెల, కూతురి ముఖం చూస్తూ మాట్లాడాలని, ఊరికెళ్తున్న మా సైటు గంగరాజు చేతికి ఒక టచ్ ఫోను ఇచ్చి పంపాడు పరశురాం. ఆ వారమే గ్రూపులో టీచర్ మెసేజ్ పెట్టింది. ఇకనుంచి పాఠాల వీడియోలు వస్తాయి, పిల్లలు చదివి రికార్డు చేసి పంపాలి, ఇంట్లో ఉండేవాళ్ల నంబరు ఇప్పుడున్న నంబరు నుంచే పంపండి. ఒక్కో పిల్లకి ఒక్క నంబరే, పాతది తీసేస్తారు.

"ఎంత మంచిదన్నా! పాపకి నేరుగా వెళ్తుంది. జమునక్క నంబరు వెంటనే పంపెయ్" అన్నాను, హుషారుగా.

"పంపుత గని తమ్మీ, నాలుగ్గొట్టంగ నేనేం మాట్లాడాలె?"

పంపలేదు. ఆ రోజూ, మర్నాడూ, ఆ తర్వాతి రోజూ. ప్రణీత అడిగింది కూడా. "నాయినా, టీచర్ మనింటి నంబర్ అడిగిందట గద?"

"నాకు మెసేజ్ రాలే బిడ్డా" అనేసి, గబగబా లెక్కలు చదవడం మొదలుపెట్టాడు.

నాలుగో రోజు అటువైపు నవ్వు లేదు.

"అందరు చదివి పంపిన్రు. నేనొక్కదాన్నే పంపలే. టీచర్ నిలవెట్టింది." తర్వాత చిన్నగా, "మా నాయిన పనిల ఉంటడు, ఆయనది తప్పు లేదని చెప్పిన నాయినా" అంది.

ఫోన్ పెట్టేశాక పరశురాం టీచర్‌కి జమున నంబరు టైపు చేశాడు. సిమెంటు పట్టిన బొటనవేలికి ఫోను పలకలేదు. వేలు ప్యాంటుకి తుడుచుకుని మళ్లీ నొక్కాడు. మర్నాడు మధ్యాహ్నానికి గ్రూపులోంచి అతని నంబరు తీసేశారు.

ఇప్పుడూ నాలుగింటికి ఫోన్ చేస్తాడు. వీడియోలో ప్రణీత ముఖం ఎంత స్పష్టంగా కనిపిస్తుందో!

"హోంవర్క్ అయిపోయింది నాయినా. తిన్నవా?"

"తిన్న బిడ్డా."

"ఇగో, అమ్మకిస్తున్న."

తర్వాత పాత గ్రూపు తెరుస్తాడు. కొత్తవేమీ రావు, పాతవి అలాగే ఉన్నాయి. పువ్వు బొమ్మ దగ్గర ఆగుతాడు. డ్రైవరు హారన్ కొట్టి "యల్లా భాయ్!" అని తొందరపెట్టేదాకా దాన్నే చూస్తాడు.

దాచడం తప్పే. అతనూ అదే అంటాడు. వెంటనే పంపెయ్ అని అంత తేలిగ్గా చెప్పింది నేనే. మీరు చెప్పండి, ఆ టైల్స్ పెట్టెల మీద కూర్చున్నది మీరే అయితే, ఆ నంబరు మొదటి రోజే పంపేసేవారా?