సంతలో మందుల బల్ల

2003 జూలై, శుక్రవారం సాయంత్రం. హాజరైనవారు: అనంతపురం నుంచి నెలకోసారి వచ్చే మానసిక వైద్యుడు, ఆయన వెంట వచ్చే నర్సు, మా ఊరి సర్పంచి, ఆ డాక్టరు దగ్గరే మందు వాడి కుదుటపడిన ఒక కూలి ఆమె, రిటైరైన పోస్టుమాస్టరుగా నేను.

ఆ కూలి ఆమెను మానసిక వైద్య శిబిరం కమిటీలో పెట్టమన్నది డాక్టరే. జబ్బుపడి లేచినవాళ్లను అడగకుండా శిబిరం నడపడం తనకు చేతకాదన్నాడు. అప్పటిదాకా రోగిని కమిటీలో కూర్చోబెట్టడం నేనెక్కడా చూడలేదు. ఏం మాట్లాడుతుందో విందామనే ఆ రోజు కాస్త ముందే వెళ్లాను.

మాది గార్లదిన్నెకూ పామిడికీ మధ్య ఊరు. శిబిరం మొదట్లో పంచాయతీ ఆఫీసు వరండాలో జరిగేది. వచ్చేవాళ్లపై అందరి కళ్లూ పడుతున్నాయని సర్పంచి ఊరి చివర పాత విత్తనాల గోదామును బాగుచేయించి, సున్నం కొట్టించి, గుమ్మానికి తెర కట్టించాడు. అప్పటినుంచి జనం రావడం తగ్గింది. ఇలాగైతే వచ్చే నెల నుంచి శిబిరాన్ని పామిడికి మార్చక తప్పదని డాక్టరు ఆ సాయంత్రం చెప్పాడు.

ఆ మాటకు ఆమె తల ఎత్తి చూసింది. పామిడికి అంటే అత్త పంపదట. మందు ఆగితే ఏమవుతుందో ఒకసారి చూసిన మనిషి.

సర్పంచి నొచ్చుకున్నాడు. ఇంత మరుగు చేసి ఇచ్చినా రాకపోతే ఇంకేం చేయాలని అడిగాడు. ఆమె నెమ్మదిగా జవాబిచ్చింది.

“ఆ దావలో మీ గది తప్ప ఇంకేముండాది అన్నా? అటు తిరిగితే చాలు, యాడికి పోతాండావని అడుగుతారు. ఏమని చెప్పల్ల?”

మాలో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు. ఎక్కడైతే బాగుంటుందని డాక్టరు అడిగాడు. సంతలో, గొర్రెలకు మందు పోసేచోటు పక్కన అంది. శనివారం అక్కడికి ఎవరు ఎందుకొచ్చారో ఎవరూ అడగరట.

సర్పంచి నవ్వాడు. “ఏమ్మా, పిచ్చికి మందు వంకాయల పక్కన పెట్టి ఇయ్యల్లనా?”

“వంకాయలు కొనేదానికి ఎవరూ సిగ్గుపడరు గదన్నా.”

ఆ గోలలో మనసులోని మాట ఎవరు చెప్పుకుంటారని డాక్టరుకు అనుమానం. గోల ఉంటేనే పక్కవాడికి వినపడదని ఆమె వాదన. ఆయన ఒప్పుకోలేదు గాని, అడగడం మాత్రం మానలేదు. ఆడవాళ్లు ఏ వేళకు వస్తారు, భర్తలు వెంట ఉంటారా, మాత్రలు ఎందులో పట్టుకుపోతారు అని. ఆస్పత్రి కవరు వద్దంది ఆమె. ఎవరి సంచిలో వాళ్లకు వేస్తే చాలట.

చివరకు రాత్రికి ఉండిపోయి మరునాడు సంతలో కూర్చుని చూస్తానన్నాడు డాక్టరు. ఎవరూ రాకపోతే పామిడే. ఆమె తిన్నగా తనకు తెలిసిన ఇళ్లకు చెప్పిరావడానికి వెళ్లింది.

పొద్దున్నే ఉల్లిగడ్డల కుప్పల వెనక టార్పాలిన్ కట్టి బల్ల వేశాం. అందరికంటే ముందు ఆమే వచ్చి కూర్చుంది. చాలాసేపు ఇంకెవరూ రాలేదు. గోల విషయంలో డాక్టరు అనుకున్నదే నిజమైంది. ప్లాస్టిక్ బిందెలవాడి మైకు హోరులో ఆయన మాట ఆయనకే వినపడలేదు. బల్లను ఎడ్లబండి చాటుకు జరిపాం.

అప్పుడొచ్చాడు, గోదాముకు మారినప్పటినుంచి రావడం మానేసిన గొర్రెల కాపరి. చంకలో కోడిపుంజు. అదెందుకని డాక్టరు అడిగాడు.

“అమ్మేదానికి పోతాండానని ఇంట్లో చెప్పొచ్చినా సార్. పుంజు నాది గాదు, పక్కింటోళ్లది.”

అతని వెనక, గొర్రెల మందు చూస్తున్నట్టు, సంచులు పట్టుకుని ఇద్దరు నిలబడ్డారు. డాక్టరు మాత్రల పెట్టె తెరిచి, వచ్చే నెల కూడా శనివారమే రాసుకోమని నర్సుకు చెప్పాడు. కూలి ఆమె కాపరి చంకలోంచి పుంజును అందుకుంది.

“వచ్చేసారి సంచి చాలు మామా,” అంది.