గజంబద్ద అందినంత దూరం

జనాభా లెక్కలు రాసుకోడానికి వచ్చినతను "ఇంట్లో ఎంతమంది?" అంటే మా పెద్దమ్మ తడుముకోకుండా "నలుగురం" అంది. నిజానికి ఉన్నది ముగ్గురం. పెద్దమ్మ, పెదనాన్న, చదువు కోసం వచ్చి అక్కడే ఉండిపోయిన నేను. నాలుగో మనిషి ఎవరని అతను అడిగేలోపే, సందు అవతలి కిటికీలోంచి ఎదురింటత్త "నేనే బాబూ, రాసుకో" అంది. పాపం, అతను ఏం రాశాడో ఏం కొట్టేశాడో!

పెద్దమ్మది కుట్టుపని. మేడ మీద వీధివైపు గదిలో, కిటికీకి ఆనించి మిషను వేసుకుంది. ఆ కిటికీకి సరిగ్గా ఎదురుగా ఎదురింటత్త కిటికీ. మా సందు ఎంత ఇరుకంటే, గొడుగులు వేసుకున్న ఇద్దరు ఎదురుపడితే ఒకరు గొడుగు ముడవాల్సిందే. పెద్దమ్మ చొక్కా కుట్టి, గజంబద్ద చివర తగిలించి చెయ్యి చాపితే అవతల అత్త అందుకునేది. కాజాలు, గుండీలు, అంచులు అత్త చేతిపని. అవి వేసి మళ్ళీ అదే బద్దకి తగిలించి పంపేది. ముప్పై ఒక్క ఏళ్ళు ఇలాగే నడిచింది. ఒకసారి పంట్లాం జారి కింద పోతున్న పోస్టుమాన్ నెత్తిన పడింది. ఆయన దాన్ని నడుముకి ఆనించి చూసుకుని, సరిగ్గా తన కొలతేనని, ఇచ్చేయమని పేచీ పెట్టుకున్నాడు.

ఇక వాళ్ళ మాటలు. మోకాలి నొప్పి, కూరలో ఎక్కువైన ఉప్పు, కొత్త కోడలి నడక, వాన వస్తుందా రాదా. మిషను చప్పుడు పెరిగితే గొంతులు పెరిగేవి, తగ్గితే తగ్గేవి. నిన్న ఆగిన మాట ఇవాళ ఆగినచోటే అందుకునేవాళ్ళు. పోట్లాడుకున్న రోజుల్లోనూ బద్ద మాత్రం ఆగలేదు. కాకపోతే దానితో అవతలి కిటికీ తలుపు మీద టకటకా కొట్టి, మొహం పక్కకి తిప్పుకుని అందించేది పెద్దమ్మ.

తొమ్మిదేళ్ళ కిందట అత్తావాళ్ళు ఇంటి ముందు గోడ బాగుచేయించారు. అది పాత సున్నపు గోడ, కిటికీ పైన సున్నంతోనే మలిచిన ఆకుల తీగ. చూడ్డానికి బాగుండేది కానీ గాలి వీస్తే పొడి రాలి పెద్దమ్మ తెల్లబట్టల మీద పడేది. "ఏం వేయించమంటావు వదినా? రోజంతా చూసేదానివి నువ్వే కదా" అంది అత్త. తన ఇంటి ముఖం ఎలా ఉండాలో ఎదురింటివాళ్ళని అడిగేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా? అత్త అడిగింది. పెద్దమ్మకి కాలు నిలవలేదు. తనే కొట్టుకి వెళ్ళి, నున్నగా మెరిసే లేతాకుపచ్చ టైల్స్ ఎంచింది. మాది చీకటి గది. ఆ టైల్స్ మీద పడ్డ వెలుగు తిరిగి మా గదిలోకొచ్చేది, దీపం వేయకుండానే సూదిలో దారం ఎక్కించుకునేది పెద్దమ్మ. నన్నడిగితే మాత్రం స్నానాలగది తిరగేసి వీధిలో పెట్టినట్టుండేది. ఆ మాట పైకి అన్నందుకు వారం రోజులు నాతో ముభావంగా ఉంది.

పోయిన ఏడాది, పాత పేటని కాపాడతామంటూ ప్రభుత్వ ఆఫీసువాళ్ళు దిగారు. ఇళ్ళన్నీ చూసి, ఉంచాల్సిన పాతవాటి జాబితా రాశారు. మావైపు ఇళ్ళు జాబితాలోకెక్కాయి. మా ఇంటివాడు నలభై ఏళ్ళుగా ఒక్క పెచ్చు కూడా అతికించలేదు. ఆ పిసినారితనానికి మేం పెట్టని శాపనార్థం లేదు. చివరికి అదే మా ఇంటిని నిలబెట్టింది. ఎదుటి వరసలో మిగతావన్నీ ఈమధ్య కట్టినవి. అత్తావాళ్ళది మా ఇంటికన్నా పాతది. అయినా టైల్స్ చూసి కొత్తదని రాసేశారు. జాబితాలో లేనివాటిని పడగొట్టి, పాత ఇళ్ళు చూడ్డానికొచ్చేవాళ్ళు కార్లు నిలుపుకోడానికి స్థలం చేస్తారట. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి మమ్మల్ని చూడ్డం కోసం, రోజూ చూసేవాళ్ళని లేపేస్తారన్నమాట!

ఆ సంగతి రాసి పంపిన కాగితం పెద్దమ్మ నాచేత మూడుసార్లు చదివించుకుంది. "నేనేనే" అంది. "నా చేతుల్తో నేనే చేశాను."

అభ్యంతరాలుంటే చెప్పుకోమని ఒక రోజు ఇచ్చారు. ఆ రోజు ఆఫీసమ్మాయి సందులోకి రాగానే పెద్దమ్మ సుత్తి పట్టుకుని దిగింది. "లోపల పాత గోడ ఉందమ్మా. నీకు కనబడకపోతే నేను చూపిస్తా." ఆ అమ్మాయి మంచిదే. "చూపించండమ్మా, కనబడితే తప్పకుండా రాస్తాను" అంది. పెదనాన్న నిచ్చెన పట్టుకున్నాడు. పెద్దమ్మ, అరవై దాటిన మనిషి, పక్కవీధికి నడవాలంటే ఆయాసపడే మనిషి, గబగబా ఎక్కేసింది. అత్త కిటికీలోంచి తల బయటికి పెట్టి "వద్దు వదినా" అంటూనే ఉంది. టైల్స్ ఒక్కొక్కటే పగిలి కిందపడ్డాయి. వాటి వెనక సిమెంటు. సిమెంటు వెనక ఇటుకలు, ఇటుకల నిండా ఉలి గాట్లు. టైల్స్ చదునుగా కూర్చోవాలని మేస్త్రీ అప్పట్లో, దుమ్ము పడకుండా కట్టిన గోనెపట్టాల చాటున, తీగనంతా చెక్కేశాడు.

పెద్దమ్మ ఊరుకోలేదు. ఉత్త ఇటుకల మీద వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టింది. "ఇదుగో, ఇక్కణ్ణించి తీగ మొదలు. ఇది నాలుగో ఆకు, కొస విరిగింది. ఇక్కడ ఒక పిట్ట ఉండేది, ఒక కన్ను రాలిపోయి ఉండేది. ఇక్కడ రెండు మొగ్గలు." ఆ అమ్మాయి ఓపిగ్గా అంతా విని "ఒక్క ఫొటో అయినా ఉందామ్మా?" అని అడిగింది. ఎక్కడ్నించి వస్తుంది? ఆ గోడని ఫొటో తీయాలంటే వెనక్కి జరగడానికి సందులో చోటుండాలిగా. "చూసినవాళ్ళ మాట మీద రాయడానికి వీల్లేదమ్మా" అని ఆ అమ్మాయి తలదించుకుంది.

"దిగు వదినా, పడతావు" అంది అత్త. మళ్ళీ తనే, "ఆ రంగు నాకు మొదట్నించీ నచ్చలేదులే. నీకు వెలుగొస్తోందని ఊరుకున్నా" అని నవ్వబోయింది. పెద్దమ్మ ఒక్కో మెట్టే దిగింది. అత్త నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదని తర్వాత నాతో అంది.

వరసంతా పడగొట్టడానికి రెండు పూటలు పట్టింది. అత్తావాళ్ళకి ఊరి చివర ఆరో అంతస్తులో ఇల్లిచ్చారు, రెండు బస్సులు మారి వెళ్ళాలి. మా గదిలోకి ఎండ వరదలా వచ్చిపడింది. చూసినవాళ్ళంతా గాలీ వెలుతురూ వచ్చాయి, అదృష్టవంతులన్నారు. పెద్దమ్మ మిషను లోపలి గదిలోకి లాక్కుంది. చొక్కాల్ని కాజాలకి బజార్లో మిషను కాజావాడి దగ్గరికి పంపడం మొదలుపెట్టింది. అవి తిరిగొచ్చినప్పుడల్లా గోరుతో గీకి చూసి మడిచేది.

ఫోన్లో మాట్లాడుకోండి అన్నాను నేను, పెద్ద తెలివైనదానిలా. నంబరు కలిపి చేతికిచ్చాను.

"ఏంటి వదినా విశేషాలు?" అంది అత్త.

"ఏమున్నాయి, నువ్వే చెప్పాలి."

"ఏమున్నాయి నా దగ్గర!"

అంతే, అయిపోయింది. ఫోన్ చేయాలంటే ఏదో ఒక విశేషం ఉండాలి. ముప్పై ఒక్క ఏళ్ళలో వాళ్ళిద్దరి మధ్యా విశేషమంటూ ఒక్కటీ లేదు. విశేషం లేని ఆ మాటల కోసం పెద్దమ్మ ఎంత బెంగ పెట్టుకుందో పక్కనుండి చూసినదాన్ని నేను. మిషను తొక్కుతూ తొక్కుతూ గొంతు పెంచి ఏదో అనబోయేది. గుర్తొచ్చి ఆపేసుకునేది.

నాలుగు నెలలకి అత్త వచ్చింది. ముందుగా చెప్పి, మంచి బట్టలు కట్టుకుని, చేతిలో పళ్ళు పట్టుకుని, చుట్టంలా. పెద్దమ్మ కూడా కొత్త గ్లాసులు తీసింది. ఇద్దరూ కుర్చీల్లో కూర్చుని బస్సుల గురించీ, లిఫ్టు గురించీ మాట్లాడుకున్నారు. ఎదురుగా ఖాళీ స్థలం కనబడకుండా పెద్దమ్మ ముందుగానే కిటికీ మూసేసి ఉంచింది. అత్త అటు చూడలేదు. మధ్యాహ్నానికి కాస్త తేలికపడి నవ్వుకున్నారు కూడా. మూడున్నరకి అత్త గోడ గడియారం చూసి లేచింది. బస్సు తప్పితే మళ్ళీ గంటకి గానీ లేదట.

గుమ్మం దాకా వెళ్ళి, చెప్పుల్లో కాళ్ళు పెట్టి, వెనక్కి తిరిగింది.

"వెళ్ళొస్తాను వదినా."

ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరిలో ఎవరూ రెండోవాళ్ళతో ఆ మాట అనగా నేను వినలేదు. అనాల్సిన పని ఎప్పుడూ పడలేదు.

"ఎక్కడికి?" అంది పెద్దమ్మ.

అడిగాక గానీ తనేం అడిగిందో తనకి తెలియలేదు. అత్త మెట్లు దిగిపోయింది. పెద్దమ్మ గుమ్మంలోనే చతికిలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.