పదోభాగం మూట

యుద్ధానికి ముందు మాట. ఇంగ్లండులో పైచదువు చదువుతూ, మెట్ట రైతు ఇంట్లో ఏడాదికి ఎంత పండుతుంది, ఎంత తింటారు అన్నదాని మీద సిద్ధాంత వ్యాసం రాస్తానని ప్రొఫెసరుకు గొప్పగా చెప్పేశాను. వివరాల కోసం ఓడెక్కి మా సీమలోని కోసిగి వైపు వచ్చాను. అక్కడి చర్చిలో మా మేనమామ వాక్యం చెప్పే ఉపదేశి. ఊరూరా ఆయనే వెంట తిప్పాడు.

ఎంత దద్దమ్మను! నెత్తిన దొరటోపీ, చేతిలో పుస్తకం, ఏ ఊరెళ్ళినా ముందు కరణం అరుగు మీద కూర్చోవడం. ఎవరినడిగినా "ఏం పంటప్పా, నాలుగు మూటల జొన్నలు రాలినాయి" అనేవాళ్ళు. రెండు నెలల్లో నోటుపుస్తకాలు నిండాయి. ఇక డిగ్రీ వచ్చినట్టేనని సంబరపడ్డాను.

తిరుగు ప్రయాణానికి వారం ముందు చర్చిలో కోత పండుగ. పంటలో పదోభాగం దేవునికివ్వడం అక్కడి ఆచారం. నాలుగు మూటలే పండాయన్న పెద్దాయన నిండు మూట ఒకటి మోసుకొచ్చి దించాడు. వెనకే అలాంటి వాళ్ళే ఇంకో నలుగురు.

"ఇదేంది మామా? పది పండితే గదా ఒక మూట!"

"దేవునికాడ అబద్ధమాడరు అల్లుడా. నిన్ను శిస్తు రాసుకునే మనిషనుకున్యారు."

"నువ్వన్నా చెప్పకూడదా!" అని గయ్యిమన్నాను. మామ ఆ పెద్దాయనను పిలిచాడు.

ఆ పెద్దాయన వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. "నిజం రాయొద్దప్పా. ఈ యేడు వాన పడింది, పండినాది. రేపు ఎండిపోతే నీ రాత చూపిచ్చి మాకు శిస్తు తగ్గియ్యరు. శానా కష్టమప్పా."

ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. నిజం రాస్తే వాళ్ళ కూడు పోతుంది. రాయకపోతే నా చదువంతా అబద్ధం. వేరే విషయం ఎత్తుకునే గడువు లేదు. రాయనని మాటిచ్చాను. ఇంగ్లండు వెళ్ళి ఆ నాలుగు మూటలనే ముత్యాల్లాంటి అక్షరాలతో పట్టికలుగా కట్టాను.

మౌఖిక పరీక్షలో ఒకాయన కళ్ళజోడు తీసి, "ఇంత కొంచెం తిని మనుషులెలా బతుకుతారు?" అన్నాడు.

"వాళ్ళకు అలవాటండీ" అన్నాను.

ఆ మాట కూడా వ్యాసంలో చేర్చమన్నారు. చేర్చాను. డిగ్రీ ఇచ్చారు.

కొన్నేళ్ళకు మా సీమలో వానలు ఎగ్గొట్టాయి. కరువు పనుల్లో రాళ్ళు కొట్టే కూలీలకు గింజలు తగ్గించవచ్చని ఒక దొర రాసిన కాగితం నా చేతికొచ్చింది. ఈ ప్రాంతం వాళ్ళు తక్కువ తిండికి అలవాటు పడ్డవారట. ఆ మాట కింద ఆధారంగా నా పేరు ఉంది.