నీలి రెక్కలు వాలిన చోట

మాపులే ఆ కొండ ఊరికి కాపురానికొచ్చేనాటికి మరిది త్సేకో తల్లిలేని పసివాడు. కంబళిలో వీపుకు కట్టుకుని, సంకటి నమిలి పెట్టి పెంచింది. మాట తేడా వస్తే మగవాళ్ల పళ్లు రాలగొట్టే మనిషి, వాణ్ణి మాత్రం గోరుతోనైనా గిల్లలేదు.

కొండగడ్డి తగలబెట్టే నెలలో, తెల్లవారుతుండగా దొంగలు రాళ్ల దొడ్డి కూల్చి ఆవుల్ని తోలుకుపోయారు. అడ్డుపడిన ఆమె మొగుడి తల పగలగొట్టారు. అతను ఆమె ఒళ్లోనే పోయాడు. మీసాలొస్తున్న త్సేకో కనిపించలేదు. వాణ్ణీ ఈడ్చుకుపోయారనుకుంది. ఆవులు పోతే పోయాయి, పిల్లాడు ప్రాణాలతో దొరికితే చాలు.

దొంగలు ఏరు దాటేలోపు పట్టుకోవాలని మగవాళ్లంతా కర్రలు తీసుకుని రేవుకు బయల్దేరారు. మాపులే చూపు మాత్రం ఎండిన వంకలోకి పోయింది. గోరంత నీలి సీతాకోకచిలుకలు అక్కడో గుంపు, ఇక్కడో గుంపుగా ఇసుకను అంటుకుని ఉన్నాయి.

“ఫకిసో మామా, అవి తడి ఉంటేనే వాలతాయి. ఆవులు ఉచ్చ పోసుకుంటూ ఇటే పోయాయి” అంది.

ఊరిపెద్ద ఫకిసో తల అడ్డంగా ఊపాడు. “పురుగులెంట పడి దొంగల్ని పట్టమంటావా కోడలా? ఇంటికిపోయి శవం దగ్గర కూర్చో.”

ఆమె ఒక్కతే వంక ఎక్కింది. కొండచరియ కింద ఆవులున్నాయి. కాపలాగా కత్తి పట్టుకుని త్సేకో ఒక్కడే ఉన్నాడు.

“దొడ్డి రాయి కదిపింది నేనే వదినా. అన్నను కొట్టింది మాత్రం వాళ్లు.”

ఆమె కర్ర లేచింది. వాడు కత్తి విసిరితే ఆమె చెంప చీలింది. ఆమె ఆగలేదు. మోకాలు చితికి ఎముక బయటికొచ్చాక వాడు “అమ్మా” అన్నాడు. అప్పుడు ఆగింది. కంబళి చించి కాలికి కట్టి, అవతలి లోయలోకి పాకిపొమ్మని తరిమింది.

ఆవులతో దిగుతుంటే, రేవు నుంచి తిరిగొచ్చిన మగవాళ్లు ఎదురుపడ్డారు. పైన ఎవరూ లేరనీ, చెంపకు కొమ్ము తగిలిందనీ చెప్పింది. ఫకిసో ఆమె భుజం మీదుగా పైకి చూశాడు. ఆవులు తొక్కని, గడ్డి కాలిన నల్లటి నేల మీద, అవతలి లోయ వైపు నీలి గుంపులు వరసగా వాలి ఉన్నాయి.

“నువ్వు చెప్పిందే కోడలా. తడి ఉంటేనే వాలతాయి.”

మాపులే ముందుకు పరిగెత్తి కంబళితో వాటిని చెదరగొట్టింది. అవి లేచి, మళ్లీ ఆ నెత్తుటి మీదే వాలాయి. మగవాళ్లు ఆమెను పక్కకు నెట్టి పోయారు. లోయలోంచి “వదినా” అన్న కేక వినబడింది. తర్వాత కర్రల చప్పుడే.

ఇప్పుడామె ముసలిది. ఆవు ఉచ్చ పోస్తే, నీలి రెక్కలు వాలేలోపే దాని మీద పొడిమన్ను కప్పి గాని అడుగు ముందుకు వేయదు.