సీరియల్‌లో లేని వారం

కాలేజీలో ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు. వారపత్రికలో వచ్చే సీరియల్‌ను నాకు నచ్చినట్టు మార్చి రాసుకునేవాణ్ణి.

ఒకరోజు జనగామ బస్టాండులో, పక్కన కూర్చున్న ఆమె నా చేతిలోని పత్రికను గుర్తుపట్టింది.

"మా పక్కింటి పిల్ల చదివి చెప్తుండె తమ్మీ. గా సీత మళ్ల అత్తగారింటికి పోయిందా? జర చదువు."

అచ్చులో సీత వెళ్ళిపోయింది. నేను పేజీ చూస్తూ నా కథ చదివాను.

"లేదక్కా, పోలేదు. మొగడు తోల్కపోను వస్తే రానన్నది. కుట్టుపని నేర్చుకుంటున్నది."

"గట్ల గూడ అనొచ్చా!" అని నవ్వింది.

తరిగొప్పుల బస్సు వచ్చింది. "ఎక్కుతవా అక్కా?" అన్నాడు కండక్టర్. మూట పట్టుకుని లేచిన ఆమె మళ్ళీ కూర్చుంది. "అత్తగారి ఊరి బస్సు" అంది నాతో.

నిజం చెబుదామని నోరు తెరిచాను.

"తల్లిగారింటికి పోత. తొర్రూరు బస్సు యాడ ఆగుతది?" అంది ఆమె.

మంచి చేశానో, ముంచానో ఇప్పటికీ తెలియదు. చెయ్యెత్తి చూపించాను.