అలివేలుమంగ నొప్పి
పుదుచ్చేరిలోని సారం పేటలో గాజుల అంగడి వెంకటకృష్ణయ్య భార్య అలివేలుమంగ, తిన్న ప్రతిసారీ మోకాళ్లు పొట్టకు అదుముకుని ముడుచుకుపోయేది. కూతురు ప్రేమ కామెర్లతో చనిపోయాక అన్నం మానేసి పుల్లలా ఎండిపోయింది. ఈ నొప్పి అప్పుడే పట్టుకుంది. చూసినవాళ్లంతా అల్సరన్నారు. చివరికి ఒక డాక్టరు సున్నపు నీళ్లలాంటి మందు తాగించి ఎక్స్‌రే తీశాడు. "కొవ్వు కరిగి, రక్తనాళం పేగును నొక్కుతోంది. అరుదైన జబ్బు. ఆపరేషన్ వద్దు. కొంచెం కొంచెంగా తిని బోర్లా పడుకోవాలి. ఒళ్లు చేస్తే అదే పోతుంది," అన్నాడు.

వెంకటకృష్ణయ్య పూటపూటకూ గంజి తాగించి, చాప మీద బోర్లా పడుకోబెట్టి వీపు నిమిరేవాడు. ఆమె బుగ్గలు కాస్త తేరుకున్నాయి. ఒక మధ్యాహ్నం గిన్నెడు తాగినా ముడుచుకోలేదు.

"నొప్పి యాడుంది ఇప్పుడు?" అన్నాడాయన సంబరంగా.

"లేదు." ఆమె చాపలో మొహం దాచుకుంది. "అది ఉండంగా బిడ్డ గుర్తుకు రాలేదు. ఇంక యాడికి పోయేది నేను?"

ఆ సాయంత్రం నుంచి ఆమె మళ్లీ గంజి ముట్టలేదు.